మాయమైన చెంచాలు

స్టూడియోమ్మను ఏళ్ళ తరబడి ఒక సందేహం పట్టి పీడిస్తోంది. దాన్ని ఆవిడ మనిషన్నవాడికి చెప్పుకోలేదు. పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు దేవుడితో మాత్రం అప్పుడప్పుడు అనేది. దేవుడు కూడా ఇంతవరకూ జవాబు చెప్పలేదు.

సందేహం ఇదీ. కింద ఫొటో స్టూడియో, పైన ఇల్లు. రెండింటికీ మధ్య మెట్లు. ఆ మెట్ల పక్క గోడకు కుటుంబమంతా ఉన్న పెద్ద ఫొటో ఒకటి వేలాడుతుంది. తీసింది ఆవిడ భర్తే. అందులో అత్తగారి నుదుటి మీద ఒక్క ముడత లేదు. ఆడపడుచు మొగుడి బుగ్గ మీద పులిపిరి లేదు. ఆడపడుచు చంకలో ఉన్న పిల్లాడు ఆ రోజంతా ముక్కు చీదుతూనే ఉన్నాడు, ఫొటోలో వాడి ముక్కు అద్దంలా ఉంది. అన్నీ ఆయన చేతి చలవే. ఆ రోజుల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్దేవాడు. అందరినీ దిద్దాడు. ఒక్క స్టూడియోమ్మ కళ్ళకింద మాత్రం రెండు సంచులు ఉన్నవి ఉన్నట్టే వదిలేశాడు.

ఎందుకు? మరిచిపోయాడా? ఆవిడ దాకా వచ్చేసరికి ఓపిక అయిపోయిందా? లేక అసలు ఆవిడ మొహంకేసి చూడనేలేదా?

మెట్లెక్కిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఎదురొచ్చేది. చేతిలో బిందో బట్టలో ఉండేవి కాబట్టి ఆగకుండా పైకి వెళ్ళిపోయేది.

ఇక పోయినవారం పత్రిక పొరుగింటికి వెళ్ళి తిరిగి రాని వాళ్ళ కోసం కథ ఎక్కడుందో కాస్త చెప్పాలి. స్టూడియోమ్మ భర్తను వీధిలో అందరూ 'నవ్వండిగారు' అంటారు. వచ్చిన ప్రతివాడినీ "నవ్వండి, ఇంకొంచెం నవ్వండి" అంటాడు గానీ ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. అలాంటి మనిషికి ఫొటోగ్రాఫర్ల సంఘం సన్మానం చేస్తామంది. వచ్చే ఆదివారం భార్యాభర్తలిద్దరినీ స్టేజీ మీద కూర్చోబెడతారట. హాలు బయట పెద్ద ఫ్లెక్సీ కడతారట. దానికి దంపతుల ఫొటో ఫలానా రోజు సాయంత్రానికల్లా పంపాలన్నారు. ఆ రోజు ఇవాళే.

ఫ్లెక్సీ అనగానే స్టూడియోమ్మ గుండె గుభేలుమంది. ఫ్లెక్సీలో మొహం గుమ్మమంత ఉంటుంది. మొహమే గుమ్మమంత అయితే సంచులు ఎంతవుతాయి?

అప్పుడు రంగంలోకి దిగింది ఆవిడ చెల్లెలు. ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర టోకెన్లిచ్చే ఉద్యోగం చేస్తుంది. పళ్ళు తప్ప మిగతా ఒంటినంతా ఎలా బాగుచేయాలో ఫోన్లో చూసి నేర్చుకుంది. వారం సెలవు పెట్టి, బట్టల సంచీతో దిగి, అక్క కళ్ళకింది సంచుల మీద యుద్ధం ప్రకటించింది.

మొదట బంగాళాదుంప చక్రాలు. తరవాత వాడి పిండేసిన టీ సంచులు. ("సంచులకి సంచులే మందు" అని చెల్లెలు తనే నవ్వింది.) తరవాత చల్లటి పాలలో ముంచిన దూది. రాత్రి కూరలో ఉప్పు సగానికి సగం బంద్. ఉప్పు ఎక్కువైతే కళ్ళకింద నీరు చేరుతుందట. నవ్వండిగారు చప్పటి కూర కిమ్మనకుండా తిన్నాడు. అత్తగారు మాత్రం ఇల్లు పీకి పందిరేసి, చివరకు తలగడ కింద ఉప్పు డబ్బా దాచుకుని శాంతించింది. పడుకునేటప్పుడు తల ఎత్తుగా ఉండాలని రెండు తలగడలు పెట్టారు. దాంతో స్టూడియోమ్మకు మెడ పట్టేసి ఎటు చూడాలన్నా మనిషి మొత్తం తిరగాల్సి వస్తోంది.

అన్నిటికన్నా మేలైన మందు చల్లటి చెంచాలని చెల్లెలు తేల్చింది. ఫ్రిజ్‌లో పెట్టి, బాగా చల్లబడ్డాక కళ్ళకింద ఆనించి ఉంచాలి. పెట్టారు. పొద్దున చూస్తే చెంచాల్లేవు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ లేవు. అనుమానం సహజంగానే అత్తగారి మీదికి పోయింది. ఎందుకంటే కోడలి కళ్ళ మీద పెట్టిన కీరదోస ముక్కల్ని ఆవిడ ఉప్పద్దుకుని తినడం అందరూ చూశారు.

"ముక్కలు తిన్నాను, కాదనను," అంది అత్తగారు తల ఎత్తుకుని. "చెంచాలు కూడా తింటానా?"

పోయినవారం మనం ఆగేసరికి స్టూడియోమ్మ ఫ్రిజ్ తలుపు తీసి నిలబడిపోయింది. ఇంట్లో మిగిలిన ఆఖరి జత చెంచాలు కూడా మాయమయ్యాయి.

*

"అక్కా, ఇక చెంచాల సంగతి వదిలెయ్," అంది చెల్లెలు. "టైం లేదు. కీరదోసతోనే కానిద్దాం. కానీ ఈ మేడ మీద కాదు. మీ అత్తగారు ఉన్నంతసేపు నీ మొహం మీద ఏ కూరగాయా నిలవదు."

అంచేత ఇద్దరూ కిందికి దిగారు. మధ్యాహ్నం కావడంతో స్టూడియోలో ఎవరూ లేరు. నవ్వండిగారు లోపలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరివో ఫొటోలు దిద్దుకుంటున్నాడు. ముందు గదిలో గిరాకీలు తలదువ్వుకునే అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా ఉన్నాయి. అద్దం పక్కన పొడవాటి బెంచీ. దానికి అడ్డంగా తెర.

ఆ బెంచీ మీద చెల్లెలు అక్కను వెల్లకిలా పడుకోబెట్టింది. కళ్ళ మీద రెండు చల్లటి చక్రాలు అతికించింది.

"కళ్ళు తెరవకు. లేవకు. మాట్లాడితే మాట్లాడు గానీ మూతి ఎక్కువ కదపకు. నేను పైకెళ్ళి ఇంకో నాలుగు ముక్కలు కోసుకొస్తా."

"మీ బావ ఉన్నారేమో చూడు. ఈ వేషంలో నన్ను చూస్తే—"

"బావగారు లోపలున్నార్లే. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కన బాంబు పడినా లేవరు."

చెల్లెలి చెప్పుల చప్పుడు మెట్లెక్కి పైకి పోయింది.

స్టూడియోమ్మ చీకట్లో పడుకుని దేవుడితో మాట్లాడుకోసాగింది. స్వామీ, కళ్ళిచ్చావు, సంతోషం. చూపిచ్చావు, ఇంకా సంతోషం. వాటికింద ఈ సంచులెందుకు? అందులో ఏం సర్దుకుందామని? నిన్ను తప్పుపట్టడం లేదు. తెలియక అడుగుతున్నాను.

అప్పుడే తెర పక్కకు జరిగిన చప్పుడైంది. ఎవరో వచ్చి బెంచీ పక్కన నిలబడ్డారు.

"అప్పుడే వచ్చేశావా?" అంది స్టూడియోమ్మ. "కూర్చో. నీతో ఒక మాట చెప్పాలి."

అవతలినుంచి గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది.

"నువ్వేం మాట్లాడకు. నీకో దండం. వారం నుంచి నువ్వే మాట్లాడుతున్నావు. ఇప్పుడు నన్ను చెప్పనీ. నేను ఫొటో దిగటం లేదు."

బెంచీ పక్కన అడుగులు ఒకసారి ముందుకూ వెనక్కూ కదిలాయి.

"అవును, దిగను. సన్మానానికీ రాను. జ్వరమని చెప్తా. మీ బావని ఒక్కరినే దిగి పంపమను. నువ్వు పెట్టిన బంగాళాదుంపలతో ఊరందరికీ కూర వండి పెట్టొచ్చు. సంచులు మాత్రం కదిలాయా? కదల్లేదు. కొంపదీసి ఇంకా బలిశాయేమో కూడా."

మళ్ళీ గొంతు సవరించుకున్న చప్పుడు.

"మాట్లాడకన్నానా? అసలు బాధ సంచుల గురించి కాదే. నాకేం పెళ్ళిచూపులా ఇప్పుడు? మెట్ల దగ్గర ఫొటో ఉందా, అందులో ఆ పులిపిరాయన్ని కూడా దిద్దాడు మీ బావ. ఆ పులిపిరి ఆయన్ని ఎంతసేపు చూసుంటాడు? ఏడాదికోసారి వచ్చి భోంచేసి పోయే మనిషి. ఆయన పులిపిరి కనిపించింది. నా మొహం కనిపించలేదు. ఆయన పక్కనే నిలబడ్డానే! కొంగు తగిలేంత దగ్గర!"

ఇన్నేళ్ళ మాట ఇంత తేలిగ్గా బయటపడుతుందని ఆవిడకే తెలియదు. కళ్ళు మూసుకుంటే నోరు ఇంత బాగా తెరుచుకుంటుందా? ముందే తెలిస్తే ఎప్పుడో కీరదోస కొనేది.

"ఇంకోటి చెప్పనా? ఈ స్టూడియో పెట్టిన రోజున లోపల ఆ నీలం తెర కట్టి, 'దీని ముందు మొదటి ఫొటో నీదే' అన్నాడు. నేను పౌడరు కూడా రాసుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఇంతలో ఎవరో తలుపు కొట్టారు. పాస్‌పోర్ట్ ఫొటో, అర్జెంటు. మొదటి గిరాకీ కదా, నేనే లేచి చోటిచ్చాను. పైకెళ్ళి పొయ్యిమీద పాలు చూసుకున్నాను. అంతే! ఊళ్ళో వాళ్ళందరూ కూర్చున్నారు ఆ స్టూలు మీద. కుక్కపిల్లని కూడా కూర్చోబెట్టి తీశాడు. నేను మాత్రం తుడవటానికే దాని దగ్గరికి వెళ్తా."

ఆవిడ మాట మార్చింది.

"సరేలే. ఈ మెడ చూడు, పట్టేసి చస్తున్నాను. కొంచెం ఇటు తిప్పు."

రెండు వేళ్ళు వచ్చి ఆవిడ గడ్డం కింద ఆనాయి. ఇంకో చేతి బొటనవేలు కణత మీద ఆనింది. తలను వెంట్రుకవాసి కుడికి తిప్పి, ఆవగింజంత కిందికి దించి, అక్కడ ఆపి, వేళ్ళు మెల్లగా వెనక్కి తీసుకున్నాయి. పెట్టిన చోట తల నిలబడుతుందా లేదా అని చూస్తున్నట్టు.

స్టూడియోమ్మ తలను పెట్టిన చోటే ఉంచింది.

మెడ నొప్పి తీసేవాళ్ళు అలా పట్టుకోరు. చెల్లెలికి అంత నిదానం ఈ జన్మలో రాదు. మనిషి గడ్డం అలా పట్టుకుని వెంట్రుకవాసి తిప్పేవాడు ఈ వీధి మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. పొద్దున లేచిన దగ్గర్నుంచి వచ్చిపోయే గడ్డాలన్నీ అలాగే తిప్పుతుంటాడు.

ఆయన వంగి నిలబడ్డాడేమో, జేబులోంచి ఏదో జారి గచ్చు మీద ఖణేల్‌మంది. వెనకే రెండోది.

"అవి... చెంచాలా?" అంది స్టూడియోమ్మ.

"ఆఁ," అన్నాడు నవ్వండిగారు.

*

లేచి కూర్చోవాలి. కళ్ళ మీద ముక్కలు తీసేయాలి. సిగ్గుతో పైకి పరిగెత్తాలి. ఇవేవీ ఆవిడ చేయలేదు. ఈ ముక్కలు తీస్తే ఆయన మొహం కనపడుతుంది. ఆయన మొహం కనపడితే మాట పైకి రాదు. అందుకని ముక్కల్ని రెండు వేళ్ళతో ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

"ఎంతసేపటినుంచి ఉన్నారిక్కడ?"

"నేను ఫొటో దిగటం లేదు, అన్నావే. అప్పట్నుంచి."

"అంటే మొత్తం విన్నారు."

"మాట్లాడబోయాను. మాట్లాడొద్దన్నావు."

"పెళ్ళయినప్పట్నుంచి నేను చెప్పిన మాట విన్నది ఈ ఒక్కసారేనా మీరు?"

నవ్వండిగారు వంగి చెంచాలు ఏరుకున్నాడు. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు.

"పాపం అత్తయ్యని అనుమానించాం! ముసలావిడని పట్టుకుని చెంచాల దొంగని చేశాం! మీకెందుకండీ అవి?"

"నాక్కూడా ఉన్నాయిగా."

"ఏవి?"

"సంచులే. నీవి చేతిసంచులు. నావి సూట్‌కేసులు." ఆయన బెంచీ చివర్న కూర్చున్నాడు. బెంచీ కిర్రుమంది. "లోపలి గదిలో కూర్చుని పెట్టుకుంటున్నా. నాకూ భయమేసింది. ఇన్నేళ్ళూ నన్నెవరు చూశారే? ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ కెమెరాకేసి చూస్తారు. దాని వెనకాల ఉన్నవాణ్ణి ఎవరూ చూడరు. ఆదివారం హాలు హాలంతా నన్నే చూస్తుందిట. చెమట పడుతోంది."

స్టూడియోమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే ముక్కలు జారతాయని పళ్ళ బిగువున ఆపుకుంది. అయినా కోపం అంత తేలిగ్గా పోనిస్తే ఎలా? ఎన్నాళ్ళు మోసింది దాన్ని!

"చెంచాల సంగతి సరే. ఫొటో సంగతి చెప్పండి. నా మొహం ఎందుకు దిద్దలేదు?"

"దిద్దాను."

"అబద్ధం."

"నిజమే. అందరికంటే ముందు నీదే దిద్దాను. ప్రింటు కూడా తీశాను. తీసి చూస్తే ఎవరో కొత్తమ్మాయి నిలబడి ఉంది నీ చోట్లో. మా అమ్మ చూసి, 'ఈ పిల్లెవర్రా, కోడలేదీ?' అంది. చింపేసి మళ్ళీ తీశాను."

"మిగతావాళ్ళు కొత్తవాళ్ళలా లేరా?"

"ఉన్నారు. ఉంటే ఏం? వాళ్ళు ఫొటో చూసుకుని మురిసిపోయి వెళ్ళిపోతారు. నిన్ను రోజూ పొద్దున్నే లేవగానే చూడాలి నేను. నువ్వు కాఫీ పట్టుకుని వస్తావు. ఫొటోలో నిన్ను దిద్దేసి గోడకి తగిలిస్తే, రోజూ ఆ కాఫీ తీసుకునేటప్పుడల్లా అసలు కాపీలో ఏదో తప్పున్నట్టు అనిపిస్తుందని..." ఆయన ఆగాడు. ఇంత పొడుగు మాట ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. "అది నాకు ఇష్టం లేకపోయింది."

స్టూడియోమ్మ ఎడమ కంటి మీది ముక్క ఎందుకో తడిసి కొంచెం పక్కకు జారింది. కీరదోసలో నీళ్ళు ఎక్కువేగా.

"అంటే అసలు కాపీలో తప్పుందనేగా మీ ఉద్దేశం!" అంది చివరకు.

"అయ్యో రామా! నేనేమన్నాను, నువ్వేమంటున్నావు!"

"ఈ ముక్క అప్పుడే చెప్తే ఏం పోయేది?"

"నువ్వు అడిగావా?"

"మీరు చెప్పారా?"

అప్పుడు స్టూడియోమ్మ కళ్ళ మీది ముక్కలు రెండూ తీసేసి లేచి కూర్చుంది. మెడ కలుక్కుమంది. ఎదురుగా భర్త మొహం. కళ్ళకింద చెంచా గిన్నెల అచ్చులు గుండ్రంగా, ఎర్రగా పడి ఉన్నాయి. మనిషి గుడ్లగూబలా ఉన్నాడు.

ఇక ఆపుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది.

*

"రా," అన్నాడు నవ్వండిగారు. లోపల నీలం తెర ముందుకు తీసుకెళ్ళాడు. ఆ తెర ఎప్పుడో వెలిసిపోయి బూడిదరంగుకు వచ్చింది గానీ ఇంట్లో అందరూ దాన్ని ఇంకా నీలం తెరనే అంటారు. దాని ముందు పాత స్టూలు.

"కూర్చో."

"ఇద్దరి ఫొటో కదా?"

"అది తరవాత. ముందు నువ్వు కూర్చో."

స్టూడియోమ్మ కూర్చోబోయి, అలవాటు కొద్దీ కొంగుతో స్టూలు తుడిచింది. తరవాత కూర్చుంది. ఆయన పైన లైటు వేశాడు. ఎదురుగా ఉన్న అద్దాన్ని ఇటు తిప్పాడు. ఆవిడ చూసుకుని మొహం తిప్పేసుకుంది.

"చూశారా? ఎలా వేలాడుతున్నాయో!"

"ఉబ్బు ఉన్నది ఇంతే," ఆయన గోటి అంచు చూపించాడు. "మిగతాదంతా దాని నీడ. లైటు పైనుంచి పడుతోంది కదా, ఉబ్బు కింద నీడ పడుతుంది. ఇదిగో, ఇది పట్టుకో."

పక్కనున్న తెల్ల దుప్పటి మడిచి ఆవిడ ఒళ్ళో పరిచాడు. పైనుంచి పడే వెలుగు దుప్పటి మీద పడి, మెత్తగా ఎగసి ఆవిడ మొహం మీదికి వచ్చింది.

స్టూడియోమ్మ అద్దంలోకి చూసింది. దుప్పటి తీసేసి చూసింది. మళ్ళీ పరుచుకుని చూసింది. సంచులు ఉన్నాయి. లేవు. ఉన్నాయి. లేవు.

పైనుంచి వెలుగిచ్చేది దేవుడే, కాదనడానికి లేదు. కానీ దాన్ని కాస్త అందుకుని మొహం మీదికి ఎత్తిచ్చే మనిషి పక్కన ఉండాలి కాబోలు. ఈ ఏర్పాటు ఇలాగే ఉండాలని దేవుడు ముందే అనుకున్నాడా? రేపు దీపం పెట్టేటప్పుడు అడగాలనుకుంది. అంతలో ఇంకో సంగతి తట్టి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమండీ. ఈ కిటుకు మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఇది తెలియకుండా స్టూడియో ఎలా పెడతానే?"

"అంటే వారం రోజులుగా నేను మొహం మీద కూరగాయల దుకాణం తెరుస్తుంటే, ఇంటిల్లిపాదీ ఉప్పు లేని కూర తింటుంటే, మెడ పట్టేసి నేను గిరగిరా తిరుగుతుంటే... ఈ దుప్పటి ఇక్కడే ఉందా?"

"ఫొటోకైతే దుప్పటి పనిచేస్తుంది. స్టేజీ మీద దుప్పటి కప్పుకుని కూర్చోలేం కదా. చెంచాలతో నిజంగా తగ్గుతాయేమో, తగ్గితే నాకూ పనికొస్తుందని..."

"తగ్గాయా?"

"పొద్దున పూట కొంచెం. కాఫీ తాగే లోపు మళ్ళీ వచ్చేస్తాయి."

"నాకూ అంతే," అంది స్టూడియోమ్మ. ఎందుకో ఆ మాటకు ఇద్దరికీ మనసు తేలికపడింది. "పోనీ స్టేజీ మీదికి కూడా తీసుకుపోదాం. ఇద్దరి ఒళ్ళోనూ ఒకే దుప్పటి. చలేసిందనుకుంటారు జనం."

"అయితే వస్తావా?" అన్నాడు ఆయన.

"ముందు ఇది కానివ్వండి. చూద్దాం."

ఆయన కెమెరా వెనక్కి వెళ్ళి వంగాడు. మళ్ళీ తల ఎత్తాడు. "దుప్పటి ఉంచనా, తీసేయనా? నీ ఇష్టం. నాకైతే..."

మీకేది ఇష్టమో నాకు తెలుసులెండి, అనుకుంది స్టూడియోమ్మ. ఒక్క క్షణం ఆలోచించింది. గోడ మీది ఫొటో, చింపేసిన ఫొటో, కాఫీ, కొత్తమ్మాయి అన్నీ గుర్తొచ్చాయి. ఇలాంటప్పుడు గొప్ప మాట ఏదో అని దుప్పటి పక్కన పారేయాలని ఆవిడకు తెలుసు.

"ఉంచండి," అంది. "నిజం రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను. ఒక్క ఫొటోలో లేకపోతే ఏం కాదు."

అప్పుడు నవ్వండిగారు నవ్వాడు. పళ్ళు కనిపించేలా, భుజాలు ఊగేలా నవ్వాడు. నవ్వుతూనే వచ్చి, ఏమీ ఎరగనట్టు దుప్పటిని సగం కిందికి లాగాడు. ఆవిడ మళ్ళీ పైకి లాక్కుంది. ఆయన ఇంకొంచెం దించాడు. చివరికి దుప్పటి ఎక్కడ ఆగిందో ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోలేదు గానీ అక్కడ ఆగింది.

"గడ్డం కొంచెం దించు. ఆఁ. అక్కడే ఉండు."

తలుపు మీద ఎవరో టకటకా కొట్టారు.

స్టూడియోమ్మ ఉలిక్కిపడి, ఒళ్ళో దుప్పటి తీసేసి సగం లేచింది. ఇన్నేళ్ళ అలవాటు. "గిరాకీ వచ్చినట్టున్నారు. నేను తరవాత..."

"కూర్చో," అన్నాడు నవ్వండిగారు. ఆయన కాలు మాత్రం ఆయన ప్రమేయం లేకుండానే తలుపు వైపు ఒక అడుగు వేసింది. దాన్ని వెనక్కి తెచ్చుకుని కెమెరా స్టాండు కాళ్ళ మధ్య గట్టిగా ఆనించాడు.

మళ్ళీ తలుపు చప్పుడు. ఈసారి మెట్ల మీద అడుగులు, చెల్లెలి గొంతు, తలుపు గడియ తీసిన చప్పుడు. ఎవరో మగమనిషి తడబడుతూ ఏదో చెబుతున్నాడు. కాసేపటికి ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. నోట్లో కీరదోస ముక్క ఉన్నట్టుంది.

"ఒరేయ్ అబ్బాయ్! గిరాకీ కాదురా! సన్మానం వాళ్ళట! ఏదో పెద్ద పొరపాటు జరిగిందంటున్నాడు ఈయన. నీతో ఇప్పుడే మాట్లాడాలిట!"

స్టూడియోమ్మ భర్తకేసి చూసింది. పొరపాటా? ఏం పొరపాటు? సన్మానం ఇంకెవరికైనా చేయబోయి...

"వెళ్ళండి," అంది ఆవిడ మెల్లగా. "ముందు అదేంటో కనుక్కోండి. ఫొటోదేముంది?"

నవ్వండిగారు తలుపు వైపు వెళ్ళలేదు. వచ్చి, ఆవిడ తీసేసిన దుప్పటి అందుకుని మళ్ళీ ఆవిడ ఒళ్ళో పరిచాడు. గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి వెంట్రుకవాసి కుడికి తిప్పాడు. వెనక్కి వెళ్ళి వంగాడు.

"అమ్మా! ఆయన్ని బెంచీ మీద కూర్చోమను," అని కేకేశాడు. "ఆయనకంటే ముందొచ్చినావిడ ఫొటో ఇంకా కాలేదు."

ఫ్లాష్ మెరిసింది.